పీక మీద ప్రాణం: షేక్ చినమౌలానా సన్నాయి

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ సన్నాయి గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. "సన్నాయి గురించి చెప్పుకోవడానికి ఏముందమ్మా, పెళ్ళిలో ఊదుతారు, డబ్బులు తీసుకుని వెళ్ళిపోతారు" అంటారేమో. నేనూ అలా అనుకున్నదాన్నే. అలా అనుకోబట్టే ఒక పొరపాటు చేశాను. ముందు ఆ పొరపాటు చెప్పుకుని, తర్వాత షేక్ చినమౌలానా గారి సంగతి చెబుతాను. ఈ రెండింటికీ సంబంధం ఉంది.

కొన్నేళ్ళ కిందట మా ఆడపడుచు కూతురి పెళ్ళి మహబూబ్‌నగర్‌లో జరిగింది. పనులన్నీ నెత్తిన వేసుకుని తిరిగింది నేనే. వంటవాళ్ళు, పూలవాళ్ళు, ఫోటోవాళ్ళు, పాటల బాక్సులవాళ్ళు, అందరితోనూ బేరమాడింది నేనే. అందరికంటే తక్కువ డబ్బు ఇచ్చింది, అందరికంటే ఎక్కువ బేరమాడింది సన్నాయి మేళం వాళ్ళతోనే. ముగ్గురు వచ్చారు. సన్నాయి ఊదే పెద్దాయన, డోలు వాయించే ఆయన కొడుకు, శ్రుతి పట్టే పిల్లవాడు. వాళ్ళకు చోటు ఎక్కడ చూపించానో తెలుసా? చెప్పులు విడిచే చోట, ఫ్యాను గాలి తగలని మూల.

తలంబ్రాలయ్యాయి, అప్పగింతలకు ఇంకా టైముంది. జనమంతా భోజనాల దగ్గరికి వెళ్ళారు. పెద్దాయన మెల్లగా నా దగ్గరికి వచ్చి, "అమ్మా, అందరు బువ్వకు కూసున్నరు గదా. పొద్దుగాల సంది సినిమా పాటలే ఊదిపిచ్చిండ్రు. జర పది నిమిషాలు తోడి ఊదుకుంట, మా నాయిన నేర్పింది" అన్నాడు. నేను చేతిలో తాళాల గుత్తి తిప్పుకుంటూ, "ఇప్పుడెందుకు పెద్దయ్యా, బాక్సులోళ్ళు పాటలు పెడ్తరు. మీరు పోయి తినుండ్రి" అన్నాను. "గట్లనే అమ్మా" అన్నాడు. సన్నాయి నుంచి పీక తీసి, పంచె కొంగుతో తుడిచి, గుడ్డలో చుట్టుకుని వెళ్ళి కూర్చున్నాడు.

మూడేళ్ళ తర్వాత మా ఇంట్లో ఇంకో శుభకార్యం వచ్చింది. అదే మేళానికి ఫోను చేశాను. కొడుకు ఎత్తాడు. "నాయిన ఊదుడు బంద్ చేసిండమ్మా. ముందటి పండ్లు పోయినయ్. పీక నిలుస్తలేదు" అన్నాడు. ఎందుకో మనసు చివుక్కుమంది. ఆ రాత్రి పాత పెళ్ళి వీడియో పెట్టి చూశాను. మూడు గంటల వీడియో. పెద్దాయన నాలుగైదు చోట్ల కనబడతాడు. బుగ్గలు పొంగుతాయి, వేళ్ళు ఆడతాయి, కళ్ళు మూసుకుంటాడు. కానీ సన్నాయి మాత్రం ఎక్కడా వినబడదు. వీడియో చేసినవాళ్ళు మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు అతికించారు. జీలకర్ర బెల్లం దగ్గర గట్టిమేళం కూడా లేదు. ఆయన ఊదిన ఒక్క ముక్క మా దగ్గర మిగల్లేదు.

రేడియోకు అప్పుడప్పుడూ పనిచేసేదాన్ని, పాటలూ మాటలూ భద్రం చేసే చోట తిరిగేదాన్ని, నా ఇంట్లో నేనే ఈ పని చేశాను. ఆ తర్వాత ఒకరోజు షేక్ చినమౌలానా గారి నాదస్వరం రికార్డు నిదానంగా కూర్చుని విన్నాను. పెద్దాయన అడిగిన పది నిమిషాల విలువేమిటో అప్పుడు తెలిసింది.

ముందుగా ఈ వాద్యం సంగతి చూద్దాం. సన్నాయి అని మనం అలవాటుగా అంటాం గాని, దక్షిణాదిన వాయించే పెద్ద సన్నాయిని నాదస్వరం అంటారు. సుమారు రెండున్నర అడుగుల చెక్క గొట్టం. పైన సన్నగా మొదలై కిందికి వెడల్పవుతూ, చివర గంటలాంటి మూతితో ముగుస్తుంది. వేళ్ళతో వాయించేందుకు ఏడు రంధ్రాలుంటాయి. వాటికి దిగువన ఇంకో అయిదు ఉంటాయి. వాటిని వేళ్ళతో ముట్టుకోరు, శ్రుతి సరిచేసుకోవడానికి మైనంతో మూస్తారు, తీస్తారు. పైన పెట్టే పీక మన చిటికెన వేలంత ఉండదు. రెల్లుజాతి గడ్డితో చేసిన రెండు రేకులు, అంతే. వాయించేవాళ్ళు దాన్ని పెదవులతో పట్టుకుని ఊదితే ఆ రెండు రేకులూ అదిరి నాదం పుడుతుంది. సన్నాయికి దారంతో గుత్తిగా వేలాడే పీకలు, ఒక సూది మీరు చూసే ఉంటారు. నేను చిన్నప్పుడు అవి అలంకారమనుకునేదాన్ని. కచేరీ మధ్యలో పీక చెడిపోతే వెంటనే మార్చుకోవడానికి ఆ పీకలు, వాటిని సరిచేసుకోవడానికి ఆ సూది.

హార్మోనియానికైతే మెట్లుంటాయి. నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. నాదస్వరానికి అలాంటి సౌకర్యం లేదు. రంధ్రాన్ని సగం మూయాలి, పావు మూయాలి, పెదవి బిగించాలి, వదలాలి, ఊపిరి పెంచాలి, తగ్గించాలి. గమకమంతా ఊపిరిలోనూ పెదవిలోనూ ఉంటుంది. అందుకే పళ్ళు పోతే విద్య పోతుంది. మన పెద్దాయన చెప్పిన "పీక నిలుస్తలేదు" అనే మాటకు అర్థం ఇది.

ఇక చినమౌలానా గారి జీవితం. ఆయన 1924 మే 12న కరవది గ్రామంలో పుట్టారు. ఇప్పటి ప్రకాశం జిల్లాలో, ఒంగోలు దగ్గరి ఊరది. తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వారిది. మన తెలంగాణ పల్లెల్లో మంగళవాద్యం ఎక్కువగా నాయీబ్రాహ్మణుల ఇళ్ళలో వారసత్వంగా వస్తుంది. కోస్తాలో గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ముస్లిం కుటుంబాలు కూడా ఈ విద్యను నిలబెట్టాయి. రాములవారి కల్యాణానికి, వెంకన్న ఊరేగింపుకు వాయించేది మసీదులో నమాజు చేసే మనిషి. ఊళ్ళో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. దేవుడికి మేళం కావాలి, వాళ్ళకు విద్య ఉంది, అంతే.

మౌలానా గారికి తొలి పాఠాలు తండ్రి కాశిం సాహెబ్ చెప్పారు. ఆ తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ అనే పేరు మోసిన విద్వాంసుడి దగ్గర నేర్చుకున్నారు. ఆంధ్రలో పెళ్ళిళ్ళకూ గుళ్ళకూ వాయించుకుంటూ సుఖంగా బతకవచ్చు. కానీ ఆయన మనసు తంజావూరు మీదికి పోయింది. దానికి కారణం తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై.

రాజరత్నం పిళ్ళై గారు 1898లో పుట్టి 1956లో పోయారు. నాదస్వరమంటే ఊరేగింపు వెంట నిలబడి వాయించే పని అనుకునే రోజుల్లో, గాయకులతో సమానంగా వేదికమీద కూర్చుని కచేరీ చేసే గౌరవం కావాలని పట్టుపట్టిన మనిషి. చెవులు చిల్లులు పడేలా పలికే పొట్టి వాద్యం బదులు, నిండుగా గంభీరంగా పలికే పొడవాటి నాదస్వరాన్ని ఆయన వాడుకలోకి తెచ్చారు. ఆయన తోడి రాగం గ్రామఫోను రికార్డు దక్షిణాదంతా మోగింది. ఆ కాలపు రికార్డుకు ఒక్కో పక్కన మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. గుడి వీధుల్లో గంటల తరబడి వాయించే రాగాన్ని మూడు నిమిషాల్లో ఇమడ్చడమంటే కడవెడు పాలు మరిగించి గిన్నెడు కోవా చేసినట్టే.

మౌలానా గారు ఆయన్ని మానసగురువుగా పెట్టుకున్నారు. తంజావూరు బాణీ తెలుసుకోవడానికి నాచ్చియార్ కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. చివరికి తమిళనాడులో శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. తెలుగు మనిషి, ముస్లిం, తంజావూరు బాణీ పుట్టిన నేల మీదికే పోయి, ఆ బాణీలో ఆ నేలవాళ్ళ చేతనే భేష్ అనిపించుకున్నారు. శ్రీరంగనాథుడంటే ఆయనకు ప్రాణం. తన మతం వదల్లేదు, రంగడినీ వదల్లేదు. శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి ఎందరికో విద్య చెప్పారు. ఆ పేరులో సరస్వతి ఉంది, పెట్టిన మనిషి పేరులో మౌలానా ఉంది. ఇంతకంటే నేను వ్యాఖ్యానించనక్కరలేదు.

1977లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కేంద్ర సంగీత నాటక అకాడమీ గౌరవించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998కి సంగీత కళానిధి బిరుదుతో సత్కరించింది. నాదస్వర విద్వాంసులకు అది చాలా అరుదుగా దక్కిన బిరుదు. సాక్షాత్తూ రాజరత్నం పిళ్ళై గారికే అది రాలేదు. ఆ మరుసటి సంవత్సరం, 1999 ఏప్రిల్ 13న మౌలానా గారు కన్నుమూశారు. మనవలు కాశిం, బాబు ఆయన బాణీలోనే జంటగా వాయిస్తూ పేరు తెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆయన రికార్డుల దగ్గరికి వద్దాం. ఎల్.పి.లు, క్యాసెట్లు, సీడీలు వచ్చాయి. ఇవాళ సెల్‌ఫోనులో పేరు చెప్పి వెతికినా దొరుకుతాయి. వినడం మొదలుపెట్టినప్పుడు నాకు మొదట తోచిందేమిటంటే, "తాళం ఏదీ? డోలు ఎందుకు ఊరుకుంది?" అని. అదే రాగాలాపన. అందులో సాహిత్యం ఉండదు, తాళం ఉండదు. ఏ స్వరాలు వాడాలో, ఏ స్వరాన్ని ఎలా పలకాలో రాగం చెబుతుంది. ఆ గీత దాటకుండా ఎక్కడికి వెళ్ళాలో, ఎంతసేపు నిలవాలో, ఎప్పుడు ఇల్లు చేరాలో వాయించేవాడి ఇష్టం. దీన్నే సంగీతంవాళ్ళు మనోధర్మం అంటారు. నిన్న వాయించిన తోడి ఇవాళ రాదు. ఇవాళ్టిది రేపు రాదు.

మన వంటింటి మాటలో చెప్పాలంటే, పచ్చిపులుసుకు చింతపండు, ఉప్పు, మిర్చి, ఉల్లిగడ్డ కావాలన్నది రాగం. ఏ పూటకు ఎంత పులుపు, ఎంత కారం అన్నది చేసే చేతి మనోధర్మం. కొలతల పుస్తకం చూసి చేసిన పచ్చిపులుసూ, మా అత్తమ్మ చేసిన పచ్చిపులుసూ ఒకటి కాదు కదండీ.

ఇక్కడ మీకొక విచిత్రం చెబుతాను. మనకు వందల ఏళ్ళుగా అలవాటైన ఈ స్వేచ్ఛ కోసం అమెరికాలో ఒక మనిషి తన్నులు తిన్నాడు. ఆయన పేరు ఆర్నెట్ కోల్మన్. సాక్సోఫోను వాయించేవాడు. సాక్సోఫోను మీకు తెలుసు, మన బ్యాండు మేళాల్లో మెడకు తగిలించుకుని వాయించే ఇత్తడి వాద్యం. బెల్జియంకు చెందిన అడాల్ఫ్ సాక్స్ తయారుచేసి 1846లో దానికి హక్కులు పొందాడు. ఒళ్ళంతా ఇత్తడే అయినా దానికీ ఊపిరి తగిలి అదిరేది రెల్లు పీకే. సన్నాయికి జంట రేకులు, దానికి ఒంటి రేకు. దూరపు చుట్టమన్నమాట.

కోల్మన్ 1930లో టెక్సాస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లో పేద నల్లజాతి ఇంట్లో పుట్టాడు. జాజ్ సంగీతంలో అప్పటికి ఒక కట్టుబాటుండేది. పాట వెనక నడిచే స్వరాల వరుస ఒకటి ముందే నిర్ణయమై ఉంటుంది. వాయించేవాడు ఎంత కల్పన చేసినా ఆ వరుస ప్రకారమే తిరగాలి. ఈయన ఆ వరుస నాకొద్దు, రాగం ఎటు పోతే అటు పోతానన్నాడు. 1949లో లూసియానాలో ఒక నాట్యశాలలో వాయించాక బయట కొందరు పట్టుకుని కొట్టారు, వాద్యం విసిరిపారేశారు. లాస్ఏంజిలిస్‌లో లిఫ్టు నడిపే పని చేస్తూ, ఖాళీ దొరికినప్పుడు సంగీత శాస్త్రం చదువుకున్నాడు. ఇత్తడి వాద్యం కొనే స్తోమత లేక 1954లో ప్లాస్టిక్ సాక్సోఫోను కొనుక్కున్నాడు. జనం నవ్వారు. 1959లో న్యూయార్కులో ఆ ప్లాస్టిక్ వాద్యంతోనే వాయిస్తే ఊరు రెండుగా చీలిపోయింది. మేధావి అన్నవాళ్ళు కొందరు, మోసగాడన్నవాళ్ళు కొందరు.

1960 డిసెంబరులో ఎనిమిదిమందిని కూర్చోబెట్టి ముప్పయ్యేడు నిమిషాలు ఏకబిగిన వాయించి రికార్డు చేశాడు. దాని పేరు 'ఫ్రీ జాజ్'. ఆ పేరే తర్వాత ఆ సంగీతశాఖకంతా పేరైంది. ఇంకో ముచ్చట, 1966లో తన రికార్డులో డ్రమ్ములు వాయించడానికి ఎవరిని పెట్టుకున్నాడో తెలుసా? పదేళ్ళ కొడుకుని. చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ కొడుకు పెద్దయ్యాక కూడా తండ్రి పక్కనే వాయించాడు. మన సన్నాయి ఇళ్ళలో తండ్రి పక్కన శ్రుతి పట్టే పిల్లవాడు గుర్తుకు రావడం లేదూ? నవ్వులపాలైన ఆ మనిషికే 2007లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 2015లో పోయాడు.

అది వింటే మొదట నాకూ తలనొప్పి వచ్చింది, దాచుకోవడమెందుకు. కానీ మౌలానా గారి ఆలాపన విని చెవి అలవాటు చేసుకున్నాక మళ్ళీ విన్నాను. అప్పుడు ఏడుపులాంటిది, నవ్వులాంటిది ఏదో వినబడింది. మనిషి గొంతు వినబడింది. ఇద్దరూ పీకను మాట్లాడించారు. అయితే ఒక తేడా ఉంది. కోల్మన్ కట్టుబాటు తెంచుకుని స్వేచ్ఛ తెచ్చుకున్నాడు. మౌలానా గారు రాగమనే కట్టుబాటులోనే ఉండి స్వేచ్ఛ చూపించారు. ఏది గొప్పో నేను చెప్పలేను. ఇల్లు నడిపే మనకు మాత్రం రెండోది బాగా అర్థమవుతుంది.

ఈ రెండు దారులూ కలిసిన చోటు కూడా ఉంది. మంగళూరు వైపు నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టిన కద్రి గోపాలనాథ్ గారు మైసూరులో ప్యాలెస్ బ్యాండు వాయించే సాక్సోఫోను విని ముచ్చటపడి, ఏళ్ళ తరబడి కృషిచేసి ఆ ఇత్తడి వాద్యం మీద త్యాగరాజ కీర్తనలు పలికించారు. గమకాలకు అనువుగా వాద్యంలో మార్పులు చేయించుకున్నారు. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో ఆయన వాయిస్తుంటే అమెరికా సాక్సోఫోను విద్వాంసుడు జాన్ హ్యాండీ వచ్చి కలిసి వాయించాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వాయించారు. అదే ఏడాది వచ్చిన 'డ్యూయెట్' సినిమాలో మీరు విన్న సాక్సోఫోను ఆయనదే. 2019 అక్టోబరులో ఆయనా వెళ్ళిపోయారు.

సినిమా మాట వచ్చింది గనుక, 'మురిపించే మువ్వలు' సినిమాలో జానకి గారి గొంతుతో పోటీపడే నాదస్వరం మనలో ఎవరికి తెలియదు? ఇప్పటికీ పాటల పోటీల్లో పిల్లలు దాన్ని పాడి చప్పట్లు కొట్టించుకుంటారు. 1962 నాటి ఆ పాటలో నాదస్వరం వాయించింది కారుకురిచ్చి అరుణాచలం గారు. రాజరత్నం పిళ్ళై గారి శిష్యుడు. జానకి గారి పేరు మనందరికీ తెలుసు. అరుణాచలం గారి పేరు మనలో ఎందరికి తెలుసు? ఆయన 1964లోనే, చిన్న వయసులో చనిపోయారు. ఆ రికార్డు ఉండబట్టి ఆ ఊపిరి మిగిలింది.

ఆడవాళ్ళకు సన్నాయి తగదు, బుగ్గలు పొంగితే అందం పోతుంది, ఊపిరి చాలదు, ఇలాంటి మాటలు చాలాకాలం చెప్పారు. కాలీషాబీ గారు ఆ మాటలు వినలేదు. ఆమె, భర్త షేక్ మహబూబ్ సుభానీ గారు ఇద్దరూ మౌలానా గారి శిష్యులు. శ్రీరంగంలోనే ఉండి దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చుని జంటగా వాయించారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. ఇంటి పని, పిల్లల పని, పైన సాధన. ఆమె ఎన్ని గంటలకు లేచి ఉంటుందో మనం ఊహించగలం. మగవాళ్ళకు ఆ లెక్క తెలియదు.

మన పాలమూరు సంగతి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవుసలికుంట నుంచి వచ్చిన దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని పండుగ సాయన్న కథ పాడుతూ ఊరూరా తిరిగారు. 2021లో ఒక సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినబడ్డాక అందరూ ఎవరీయన అని అడిగారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. దామరగిద్ద దాసరి కొండప్ప గారు బుర్రవీణ వాయిస్తారు. ఆయనకు 2024లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళు మన మధ్యనే, మన సంతల్లోనే, మన గడపల ముందరే పాడారు. మనం గుప్పెడు బియ్యం వేసి తలుపు వేసుకున్నాం. ఢిల్లీవాళ్ళు పిలిచాక తలుపు తీసి చూశాం.

అందుకని నా అనుభవం మీద మూడు మాటలు మనవి చేస్తాను. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

ఒకటి. మీ ఇంట్లో పెళ్ళి జరిగితే మేళంవాళ్ళకు మంచి చోటు చూపించండి. చాప, ఫ్యాను, మంచినీళ్ళు ఇవ్వండి. అందరూ తిన్నాక మిగిలింది కాకుండా వేళకు అన్నం పెట్టండి. ఊదే మనిషికి కడుపు ఖాళీగా ఉన్నా కష్టమే, మరీ నిండుగా ఉన్నా కష్టమే. ఎప్పుడు తింటారో వాళ్ళనే అడగండి.

రెండు. పాటల బాక్సు ఒక్క అరగంట ఆపించండి. "మీకు ఇష్టమైన రాగం ఊదండి" అని పెద్దవాళ్ళను అడగండి. పిల్లల్ని తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టండి. గట్టిమేళమంటే అపశకునం చెవినపడకుండా చేసే చప్పుడు మాత్రమే అనుకోవద్దు. ఆ కాస్త చప్పుడు వెనక ఒక మనిషి చిన్నప్పటినుంచి చేసిన సాధన ఉంటుంది.

మూడు. వీడియో తీసేవాళ్ళకు ముందే గట్టిగా చెప్పండి, సన్నాయి ఉన్నచోట సన్నాయే ఉంచాలి, సినిమా పాట అతికించకూడదని. లేదా మీ సెల్‌ఫోనులోనే ఆ పది నిమిషాలూ రికార్డు చేసి, ఆ కళాకారుడి పేరు, ఊరు, తారీఖు రాసి దాచండి. ఒక కాపీ వాళ్ళకూ ఇవ్వండి. చాలామంది ఇళ్ళలో తాతల ఫోటో ఉంటుంది గాని తాతల నాదం ఉండదు.

రికార్డుకు ఒక లోపం ఉందని నాకూ తెలుసు. మనోధర్మంతో వాయించింది ఆ పూటకే సొంతం. రికార్డులో అది ప్రతిసారీ ఒకేలా వస్తుంది. ఆరిన పువ్వులాంటిది. కానీ పువ్వు వాడి రాలిపోయాక, పుస్తకంలో దాచిన రేకయినా మిగిలితే మేలే కదా. మౌలానా గారి రికార్డులు లేకపోతే పాలమూరులో వంటింట్లో కూర్చున్న నాకు శ్రీరంగంలో ఆయన ఊపిరి ఎట్లా చేరేది?

మొన్న నేను ఆ పెద్దాయన ఊరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. క్షమాపణ ఎలా చెప్పాలో తెలియలేదు. "పెద్దయ్యా, ఆ రోజు మిమ్మల్ని తోడి ఊదనియ్యలేదు, తప్పైంది" అన్నాను. బోసినోటితో నవ్వి, "గవన్ని యాదికి పెట్టుకున్నవా బిడ్డా" అన్నాడు. ఇన్నాళ్ళూ అమ్మా అన్నవాడు బిడ్డా అన్నాడు. సెల్‌ఫోను తీసి మౌలానా గారి నాదస్వరం పెట్టాను. విన్నాడు. వింటున్నంతసేపూ మోకాలి మీద వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. అయిపోయాక, "ఊదలేను గాని పాడి సూపిస్త, నా మనవడు పక్కకే ఉన్నడు, రమ్మంట" అన్నాడు.

మనవడు వచ్చి శ్రుతి పట్టాడు. పెద్దాయన నోటితోనే తోడి అందుకున్నాడు. గొంతు వణికింది, కానీ స్వరం తప్పలేదు. ఈసారి నేను ఫోను ముందుగానే ఆన్ చేసి పెట్టుకున్నాను. పది నిమిషాలన్నాడు, పద్నాలుగు నిమిషాలు పాడాడు. ఆయన పేరు, ఊరు, తారీఖు రాసి దాచుకున్నాను.

మీ వీధిలోనూ, మీ పుట్టింటి ఊళ్ళోనూ ఇలాంటి పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు. పళ్ళు ఉండగానే వెళ్ళండి.